ముప్పై బిందెల కొళాయి

పొద్దున ఆరున్నరకు ఇంట్లోకి రాగానే పీరా సాబ్ ముందు చెప్పులు విడిచేవాడు, తర్వాత బిందెలు లెక్కపెట్టేవాడు. తెల్లవారి ఫజర్ నమాజు అయింది, మసీదు పక్క హోటల్లో రెండు టీలు అయ్యాయి, ఆదోని ఊరి సంగతులన్నీ అయ్యాయి. ఇక కావలసింది లెక్క ఒక్కటే. ఆ రోజు కూడా వంటింటి గోడ వెంబడి నిలబెట్టిన బిందెలను చూపుడు వేలితో ఒక్కొక్కటే తాకుతూ పోయి, చివరి బిందె దాటాక వేలు గాల్లోనే నిలిపి, "తొమ్మిది" అన్నాడు. ఆ వేలికి ఇంకా ఇరవై ఒక్క బిందెల పని మిగిలే ఉంది.

"తొమ్మిదుంటే తొమ్మిదే అంటావు. నువ్వు వేలు పెట్టి లెక్కపెడితే అవి పిల్లలు పెడతాయా?" అంది పొయ్యి దగ్గర నుంచి ఆయన భార్య హుసేనమ్మ.

"ముప్పై రావల్ల."

"రావల్లంటే నాకు కోటలో కాపురం కూడా రావల్ల. వచ్చిందా?"

పీరా సాబ్ సుద్దముక్క తీసుకుని గోడ మీద తొమ్మిది గీతలు గీశాడు. ఆ గోడ నిండా ఎనిమిది నెలల గీతలు. మొదట్లో నిండుగా, తర్వాత పలచగా, వయసు మీరినవాడి తల వెంట్రుకల్లాగా.

ఆయన జిన్నింగు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు కాటా గుమాస్తాగా చేసి రిటైరయినవాడు. పత్తి బండి గేట్లో తిరిగితే చాలు, కాటా ఎక్కకముందే బరువు చెప్పేవాడు. కాటాకు ఎదురు చెప్పినవాడు లేడు గనుక పీరా సాబ్‌కూ ఎదురు చెప్పినవాడు లేడు. మాట తూకంగా ఉండేది, చూపు తూకంగా ఉండేది, కోపం మాత్రం టోకుగా ఉండేది.

ఈ ముప్పై బిందెల మాట ఆయన కలగని తెచ్చింది కాదు. ఎనిమిది నెలల కిందట గోవిందన్న పైపుల అంగడి వాళ్లు ఊరంతా పంచిన పచ్చ కాగితం మీద అచ్చయి ఉంది. "మా అర అంగుళం కొళాయి బిగించుకోండి. గంటకు ముప్పై బిందెల వరకు నీళ్లు." ముప్పై అన్నది మామిడికాయంత, వరకు అన్నది ఆవగింజంత. పీరా సాబ్ కాగితాన్ని నమ్మే మనిషి కాదు. అంగడికి పోయి, వాళ్ల మిద్దె మీది తొట్టికి బిగించిన కొళాయి కింద తనే బిందె పెట్టి, గడియారం చూసుకున్నాడు. రెండు నిమిషాలకు బిందె పొర్లింది. అరవైని రెండుతో భాగిస్తే ముప్పై. కొళాయికి ధార ఉంది, లెక్కకు ఆధారం ఉంది, ఇంకేం కావాలి.

పైపు బిగించిన మొదటి రోజు ఆయన నమాజు ఇంట్లోనే చేసుకుని కొళాయి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అయిదు గంటలకు నీళ్లొచ్చాయి. ఆరుకు ఆగాయి. ఇరవై ఎనిమిది బిందెలు. ఉన్న బిందెలు చాలక పక్కిళ్లలో అడిగి తెచ్చి మరీ నింపారు. మిగతా రెండూ కొళాయి బిగించడంలో, తెరవడంలో పోయి ఉంటాయని ఆయనే సర్దుకున్నాడు. సందంతా బూందీ పంచి, వాకిలి ముందు మూడు బిందెలు చల్లించాడు. నీటికి ధార, మనిషికి ఉదారత, ఆ రోజు రెండూ పోటీ పడ్డాయి.

మర్నాటి నుంచి మళ్లీ మసీదుకు, ఆ తర్వాత హోటలుకు పోవడం మొదలుపెట్టాడు. కొళాయి వచ్చేదీ, పోయేదీ ఆయన టీ గ్లాసులోనే. కండక్టరు పని చేసే కొడుకు యూసుఫ్ నాలుగు గంటలకే తొలి బస్సుకు పోయేవాడు. రెండు నెలలకు హుసేనమ్మ మోకాళ్లు మొరాయించాయి. అప్పటి నుంచి కొళాయి దగ్గర కూర్చునే పని కోడలు షరీఫాది. ఎమ్మిగనూరు పిల్ల. పెళ్లయి ఏడాదిన్నర, ఇప్పుడు ఆరో నెల.

గోడ మీది గీతలు చూస్తే ఒక్క సంగతి స్పష్టంగా కనబడేది. హుసేనమ్మ పట్టినన్నాళ్లు ఇరవై తగ్గలేదు. కోడలు పట్టడం మొదలయ్యాక ఇరవై కాస్తా పదిహేనయింది, పదిహేను పన్నెండయింది, ఎండలు ముదిరేసరికి తొమ్మిది దగ్గర కూలబడింది. కొలమానం చేతిలో ఉన్నవాడికి అనుమానం తొందరగా పుడుతుంది. దాన్ని పెంచి పెద్ద చేయడానికి పెనుమానం పక్కనే ఉయ్యాల పట్టుకుని కూర్చుంటుంది.

ఆ రోజు పీరా సాబ్ గీతలు గీసి పెరటి తలుపు తీశాడు. గడప దగ్గర నుంచి మట్టిలో తడి చుక్కలు వరసగా పోతున్నాయి. వాటి వెంబడి చూపు పోనిస్తే అవి వెనక గుడిసె ముందు ఆగాయి. అది సుంకమ్మ గుడిసె. మిల్లులో పత్తి ఏరే కూలి మనిషి. కూతురు మేరి నెల కిందట కాన్పయి తల్లి దగ్గరే ఉంది. గుడిసె ముందు తీగ మీద పసిబిడ్డ గుడ్డలు తెల్లగా ఆరుతున్నాయి.

ఆయన వెనక్కి తిరిగి వచ్చి, "షరీఫా" అని పిలిచాడు.

కోడలు ముసుగు సర్దుకుంటూ వచ్చి నిలబడింది.

"ముప్పై బిందెల కొళాయి మనది. ఇంట్లో తొమ్మిదుండాయి. తక్కిన ఇరవై ఒకటి యాడికి పోతాండాయి?"

"వచ్చేటివే అవి మామా."

"వచ్చేటివి అవే అంటే? మన ఇల్లు సందు సివర పల్లంలో ఉంది. నీరు పల్లమెరుగు అని సిన్నపిల్లోన్ని అడిగినా సెప్తాడు. మెరకనుండే వాళ్లకు వచ్చి మనకు రాకుండా పోతాయా?"

షరీఫా తల వంచుకుంది. "మొదట్లో వచ్చినట్లు ఇప్పుడు రావడంలే మామా."

"సుంకమ్మ ఇంటికి మాత్రం బాగానే పోతాండాయి."

పొయ్యి మీద గరిటె ఆగింది. హుసేనమ్మ ఇటు తిరిగింది.

"ఆ తొమ్మిదిలోదే ఒక బిందె వంచి ఇస్తాండాను" అంది షరీఫా. "బాలింత ఉంది గదా ఆ ఇంట్లో. అది నా స్నానం నీళ్లు మామా. నేను దినం మార్చి దినం పోసుకుంటాండాను."

"ఒకటి ఒప్పుకున్యావు. తక్కినవి గూడా ఒప్పుకుంటే సరిపోతుంది."

"ఏమయ్యో, ఏం మాట్లాడతాండావు నువ్వు?" అంది హుసేనమ్మ.

"లెక్క మాట్లాడతాండాను. మిల్లులో ఒక మూట తగ్గితే గేటు కాడ మనిషిని నిలబెట్టి అడిగినోన్ని. ఇంట్లో ఇరవై ఒక్క బిందెలు తగ్గితే అడగొద్దా? అడక్కుండా తీసిచ్చే దాన్ని ఏమంటారో నాకు తెలుసు, నీకు తెలుసు. నా నోటితో ఎందుకు అనిపిస్తావు?"

నోటితో అనలేదనే పేరే గాని, ఆ మాట ఇంటి మధ్యలో వచ్చి కూర్చుంది. షరీఫా ఏడవలేదు. మామ ముఖంలోకి ఒక్కసారి చూసి వంటింట్లోకి పోయి, తను తాగే గ్లాసులో మిగిలిన నీళ్లను తిరిగి బిందెలో పోసి, మూత పెట్టింది.

మర్నాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే కొళాయి పట్టింది. తొమ్మిది బిందెలు వరసగా పెట్టింది. తర్వాత అటక మీది పాత మట్టికడవ దించి, కడుక్కుని, చంకన పెట్టుకుని బయటికి నడిచింది. హోటలు నుంచి వస్తున్న పీరా సాబ్‌కు సందు మొదట్లో ఎదురయింది.

"యాడికి?"

"రైలు గేటవతల బావికి మామా. నాకు కావల్సినవి నేను తెచ్చుకుంటాను."

అది కొళాయిలు రాకముందు ఊరు మోసిన ఉప్పునీళ్ల బావి. ఇంటి నుంచి పోను ముప్పావు మైలు, రాను ముప్పావు మైలు. వద్దని ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన గొంతు దాకా వచ్చింది కూడా. కాని కాటా దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు చెప్పిన లెక్క తిరిగి చెప్పి ఎరగడు. నీళ్లు నమిలాడు. ఇంట్లో కరువున్నా నమలడానికి మాత్రం ఎవరికైనా నీళ్లు దొరుకుతాయి.

ఆ రోజు నుంచి షరీఫా కొళాయి నీళ్లు ముట్టలేదు. తాగడానికి, పోసుకోవడానికి, తన బట్టలకు, సుంకమ్మ బిందెకు అన్నింటికీ ఆ కడవే. ఇంటికి తొమ్మిదీ తొమ్మిదే. గోడ మీద గీతలు కూడా తనే గీసి పెట్టేది, మామకు ఆ శ్రమ కూడా లేకుండా. హుసేనమ్మ మొదటి రోజు బతిమాలింది, రెండో రోజు తిట్టింది, మూడో రోజు మొగుడికి అన్నం పెట్టి పక్కన కూర్చోకుండా లేచిపోయింది.

ఆ సాయంత్రం యూసుఫ్ డ్యూటీ దిగి వచ్చి, టికెట్ల సంచి మేకుకు తగిలించి, తండ్రి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"నాయనా, నువ్వు చూసినావా?"

"గీతలుండాయి గదా, చూసుకో."

"గీతలు కాదు. కొళాయి పట్టేటప్పుడు చూసినావా?"

"నువ్వు చూసినావా మరి?"

"నేనూ చూడలే. నాలుగ్గంటలకే పోతాను. అందుకే నేను ఎవరినీ ఏమీ అనలే" అని యూసుఫ్ లేచి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. పావు చెంబు నీళ్లతో కడుక్కున్నాడు.

పదో రోజు షరీఫా తండ్రి ఉస్మాన్ సాబ్ వచ్చాడు. పరుపులు కుట్టే మనిషి. ఎంత దులుపుకున్నా చెవుల మీద, కనుబొమల మీద ఇంత దూది ఉండనే ఉంటుంది. ఏడో నెల వచ్చింది గనుక తొలి కాన్పుకు బిడ్డను ఎమ్మిగనూరు తీసుకుపోవడానికి వచ్చాడు. పలకరింపులయ్యాక, ఎండన పడి వచ్చిన తండ్రికి నీళ్లు ఇవ్వడానికి షరీఫా లేచింది. బిందెల వైపు పోలేదు. మూలనున్న కడవ వంచి చెంబుతో తెచ్చింది.

హుసేనమ్మ నోరు తెరిచేలోపే ఆయన ఒక గుక్క తాగాడు. గుక్క గొంతులో నిలిచింది. గోడ వెంబడి మూతలు పెట్టిన తొమ్మిది బిందెలను చూశాడు, మూలనున్న కడవను చూశాడు, కూతురి అరచేతులను చూశాడు. బావి చేదతాడు ఒరిపిడికి ఆ అరచేతులు ఎర్రగా బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఈ నీళ్లు తాగుతాండావా అమ్మా?"

"బావి నీళ్లు తియ్యగుంటాయి నాయనా. నాకు వీటి మీదే పోతాంది మనసు."

ఉస్మాన్ సాబ్ మిగతా చెంబు ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు. మీసం తుడుచుకుని పీరా సాబ్ వైపు చూసి, "నిజమే బావా. తియ్యగుండాయి" అన్నాడు.

పీరా సాబ్ జీవితంలో ఎన్నో తిట్లు తిన్నాడు. మిల్లు షావుకారు తిట్టాడు, బండ్లవాళ్లు తిట్టారు. ఏదీ ఒంటికి అంటలేదు. ఈ మాటలో తిట్టు లేదు, అయినా చెంప మీద చెయ్యి పెట్టి చూసుకోవాలనిపించింది. మధ్యాహ్నం బస్సుకు తండ్రీ కూతుళ్లు పోయారు. షరీఫా అత్తకూ, మామకూ ఇద్దరికీ సలాం చెప్పింది. ఆ మర్యాదలో ఏ లోటూ లేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు కొళాయి పట్టడానికి ఇంట్లో మనిషి లేదు. హుసేనమ్మ మోకాలు చూపించింది. "ముప్పై పట్టుకో పో. గోడ మీద జాగా చాలకపోతే పక్కింటి గోడ అడుగుతా" అంది.

పీరా సాబ్ నమాజు ఇంట్లో చేసుకుని, ముప్పై కాకపోయినా దొరికిన పదిహేను బిందెలు వరసగా పేర్చుకుని, గడియారం ముంజేతికి కట్టుకుని కూర్చున్నాడు. అయిదు కొట్టింది. కొళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. అయిదూ అయిదుకు గాలి, అయిదూ పదికి గాలి. అయిదుంపావుకు కొళాయి రెండు సార్లు దగ్గి, ఒక సన్నటి తీగ వదిలింది. మొలతాడంత లావు కూడా లేదు. బిందె బిందె అని కూర్చున్నవాడికి బిందువు బిందువుగా లెక్క మొదలయింది. మొదటి బిందె నిండేసరికి తొమ్మిది నిమిషాలు. ఆయన గడియారం విప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది సరిగ్గానే నడుస్తోంది.

ఆరింటికి నీళ్లు ఆగిపోయాయి. చకచకా కొళాయి బిగించి లెక్కపెట్టాడు. అయిదు బిందెలు. లెక్కపెట్టడానికి వేలు కూడా అక్కరలేదు, ఒక్క చెయ్యి చాలు.

పొంగుకొచ్చిన కోపంతో సందు మొదటికి పోయాడు. నీళ్లు వదిలే గిడ్డయ్య చక్రం బిగించి, బీడీ ముట్టించుకుంటున్నాడు.

"ఏం గిడ్డయ్యా, ఈ పొద్దు నీళ్లు సరిగా వదల్లేదు నువ్వు."

"రోజూ వదిలినట్లే వదిలినాను సాబూ. మీరు రోజూ చూడరు గదా, అందుకే కొత్తగా ఉంది."

"మా ఇంటికి ఇరవై ఎనిమిది బిందెలు వచ్చేటివి."

"ఎప్పుడు?"

"బిగించిన దినం."

గిడ్డయ్య పొగ వదిలి నవ్వాడు. "ఆ దినం ఈ సందులో మూడు కొళాయిలు సాబూ. మీది, డాక్టరుగారిది, మూలింటిది. మీరు బూందీ పంచి అందరికీ ఆశ పెడితిరి. ఇప్పుడు నలభై ఒకటి. పైపు అదే, నీళ్లవే, గంట అదే. అందరూ ఒకేసారి తిప్పితే సివరోళ్లకు ఏం మిగుల్తాయి? పల్లమే గాని, ముందర నలభై నోళ్లుండాయి గదా తాగేదానికి."

"మా మిల్లులో..." అని ఏదో మొదలుపెట్టి పీరా సాబ్ ఆగిపోయాడు. మిల్లు గుర్తొచ్చింది. బండి మీద వచ్చిన పత్తిలో మూడో వంతే దూదిగా తేలుతుందని, తడి ఆరితే ఇంకా తగ్గుతుందని, ఎవడైనా రైతు 'బండెడు తెచ్చినా, బండెడు దూది ఏది' అంటే ముప్పై ఒక్క ఏళ్లు తనే నవ్వుతూ చెప్పాడు. పత్తికి తరుగు తీసినవాడు నీళ్లకు తీయడం మరిచిపోయాడు. తరుగు నీళ్లలో తీయవలసింది, మనిషిలో తీశాడు.

దారిలో గోవిందన్న అంగడి పొద్దున్నే తీసి ఉంటే జేబులో దాచుకున్న పచ్చ కాగితం చూపించి అడిగాడు కూడా. గోవిందన్న కళ్లజోడు పెట్టుకుని చదివి, "ముప్పై వరకు అని రాసినాం గదప్పా. ముప్పై దాటి వచ్చింటే అడుగు, తప్పు మాది" అన్నాడు. పీరా సాబ్‌కు కోపం రాలేదు. వచ్చే కోపమంతా తన మీద ఖర్చయిపోయింది.

ఇంటికొచ్చి కొళాయి ముందు కూలబడ్డాడు. ఇప్పుడు వేరే లెక్క తలలో తిరుగుతోంది. తనకు అయిదు వచ్చాయి. ఆ పిల్ల తొమ్మిది ఎట్లా పట్టింది?

"అట్ల పైన కూచుంటే అయిదే వస్తాయి సాబూ" అంది పెరటి వైపు నుంచి సుంకమ్మ. "ఆ బండ తియ్యండి."

కొళాయి కింద ఒక నాపరాతి బండ పరిచి ఉంది. కాలువ మూత అనుకున్నాడు ఇన్నాళ్లు. సుంకమ్మ వచ్చి ఒక పక్క పట్టుకుంటే ఇద్దరూ కలిసి జరిపారు. కింద నడుము లోతు గుంత. అడుగున పైపుకు ఒక మూత, దాని పక్కన ఒక మనిషి గొంతుకూర్చునేంత జాగా, మట్టిలో రెండు పాదాల గుర్తులు.

"షరీఫమ్మ తవ్వుకున్నెది, హుసేనమ్మకు గూడా సెప్పకుండా. కింద ఆ మూత తీసి పడితే నీళ్లు కొంచెం ఎక్కువ దిగుతాయి. బిందె పట్టదు గాబట్టి చెంబుతో పట్టి పైన బిందెలో పోస్తుంది. కడుపుతో వంగి లేచి వంగి లేచి... నేను దిగి పట్టిస్తానంటే వద్దనేది. నాకు ఒక బిందె ఇస్తే తీసుకుంటిని గాని, ఆ బిందె ఆమె స్నానం నీళ్లని నిన్నటి దాకా నాకు తెలీదు సాబూ. హుసేనమ్మ సెప్తే తెలిసింది. తెలిసింటే నా నోటి కాడికి పోయేటివా?"

పీరా సాబ్ ఆ రెండు పాదాల గుర్తులను చూస్తూ కూర్చుండిపోయాడు. ఏడ్చాడో లేదో సుంకమ్మకు తెలియకుండా ముఖం కడుక్కుందామంటే, కడుక్కోవడానికి మనసొప్పలేదు.

మర్నాడు తనే గుంతలోకి దిగాడు. అరవై ఏళ్ల ఒళ్లు, తొంభై కిలోల మనిషి. దిగడం బరువు చూసుకుంది. చెంబుతో పట్టి పైకి అందిస్తే హుసేనమ్మ బిందెలో పోసింది. ఆరింటికి ఏడు బిందెలయ్యాయి. అప్పుడు తెలిసింది ఎక్కడం తన వల్ల కాదని. ఒక చెయ్యి హుసేనమ్మ, ఒక చెయ్యి సుంకమ్మ పట్టి లాగితే, బస్తాలాగా బయటపడ్డాడు. ఆ ఏడు బిందెల్లో ఒకటి ఎత్తి తనే సుంకమ్మ గుడిసె ముందు పెట్టి వచ్చాడు. గోడ మీద గీతలు తడిగుడ్డతో తుడిచేశాడు. తర్వాత తెల్ల చొక్కా వేసుకున్నాడు.

ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు యూసుఫే. తండ్రిని చూసి దగ్గరికి వచ్చి, ఏమీ అడగకుండా టికెట్టు చింపి ఇచ్చాడు.

"యాడికని అడగవా?"

"అడిగితే సెప్పలేక తిరిగి దిగిపోతావేమోనని అడగలే" అన్నాడు యూసుఫ్.

ఉస్మాన్ సాబ్ వాకిట్లో దూది ఏకుతున్నాడు. వియ్యంకుణ్ణి చూసి ఏకే విల్లు పక్కన పెట్టి లేచాడు. షరీఫా తల్లి కుల్సుంబీ చాప వేసి, చెంబు నిండా నీళ్లు తెచ్చింది. పీరా సాబ్ చెంబు అందుకుని పక్కన పెట్టాడు.

"తాగండి అన్నా, ఎండన పడి వచ్చినారు."

"ముందు మాట సెప్పుకోనీ చెల్లెలా. తర్వాత నువ్వు ఇస్తే తాగుతా." గుమ్మం వైపు చూశాడు. షరీఫా తలుపు పక్కన నిలబడి ఉంది. "అమ్మా షరీఫా, ఇట్ల రా. మీ అమ్మ, మీ నాయన ఇద్దరూ వినల్ల. మొన్న మీ నాయన వచ్చినప్పుడు సెప్పాల్సిన మాట ఇది. నేను ఈ పిల్లను దొంగ అన్నాను."

కుల్సుంబీ చేతిలోని విసనకర్ర ఆగింది.

"నోటితో అనలే, అంతకంటే సెడ్డగా అన్నాను. ఇరవై ఒక్క బిందెలు యాడ పోయినాయి అని అడిగినాను. అవి యాడా పోలే. అసలు ఎప్పుడూ రాలే. లేని నీళ్లకు దొంగను పట్టినోన్ని నేను. ఉన్న నీళ్లను గుంతలో కూచుని, కడుపు మడత పెట్టుకుని పైకి తెచ్చింది ఈ పిల్ల. దానికి నేను గోడ మీద గీతలు గీసినాను." దూది వైపు చూసి, "నన్ను ఏమైనా అను తల్లీ. అనకుండా సలాం సెప్పి పోవద్దు, మోయలేను" అన్నాడు.

షరీఫాకు అప్పుడు కన్నీళ్లు వచ్చాయి. దొంగ అన్న రోజు రానివి, బావి దారిలో రానివి, ఇప్పుడు వచ్చాయి.

"మీరు అడిగినందుకు కాదు మామా. ఇల్లన్నాక అడుగుతారు. ఒక్క దినం వచ్చి నా పక్కన నిలబడింటే సాలనుకున్యా. దినమూ అనుకున్యా. ఈ పొద్దు వస్తాడు, ఈ పొద్దు వచ్చి సూస్తాడు అని. మీరు టీ తాగి వచ్చి వేలు పెట్టేవాళ్లు."

"నిలబడలేదమ్మా."

"నేను గూడా మంచి పని సేయలే. అత్త ఎంత సెప్పినా వినకుండా కడవ ఎత్తినాను. మీరు సూస్తా ఉంటే పంతం వచ్చింది. లోపల బిడ్డకు ఏమన్నా అయ్యింటే..." అని ఆగింది.

"బావా, నేను గూడా అబద్ధమే సెప్పినా" అన్నాడు ఉస్మాన్ సాబ్ నెమ్మదిగా. "ఆ నీళ్లు తియ్యగుండాయని. ఎమ్మిగనూరు వచ్చేదాకా నోరు కడుక్కుంటానే ఉంటి."

ఏడుపులో నవ్వు వస్తే ముఖానికి ఏం చేయాలో తెలియదు. షరీఫా కొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది. "మీకు ఎన్ని వచ్చినాయి మామా?"

"పైన కూచుంటే అయిదు."

"గుంతలోకి దిగినారా?"

"దిగినా. ఏడు. దిగేది నా ఇష్టం, ఎక్కేది మీ అత్త ఇష్టం అయిపోయింది. సుంకమ్మ ఒక చెయ్యి, ఆమె ఒక చెయ్యి. నా బరువు తూచే కాటా మిల్లులో గూడా లేదంట, మీ అత్త అనింది."

ఈసారి షరీఫా నిజంగానే నవ్వింది. కుల్సుంబీ చెంబు తీసి మళ్లీ ఆయన చేతికి ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని తాగాడు.

అన్నం తిని ఉండి పొమ్మని ఉస్మాన్ సాబ్ పట్టుబట్టాడు. అన్నం తిన్నాడు గాని ఉండలేదు. సాయంత్రం బస్సుకు లేచాడు. తెల్లవారితే కొళాయి వస్తుంది, పట్టే మనిషి తనే, బిడ్డ పుట్టి షరీఫా వచ్చినా ఇకపై ఆ పని తనదేనని వియ్యంకుడికి చెప్పాడు. గుమ్మం దాకా వచ్చిన కోడలి దగ్గర ఆగి, బడిపిల్లాడిలాగా కాసేపు వేళ్లు నలుపుకున్నాడు.

"ఒక సంగతి అడగల్ల తల్లీ. నాకు ఏడే వచ్చినాయి. నువ్వు తొమ్మిది పట్టేదానివి. ఆ రెండు ఎట్ల?"

"ఆరింటికి నీళ్లు ఆగిపోతానే మీరు కొళాయి బిగించి లేస్తిరా?"

"లేస్తి. ఆగిపోయినాయి గదా."

"అందరూ అట్లే లేస్తారు మామా. నలభై ఇండ్లవాళ్లు బిగించుకుని లోపలికి పోతారు. పైపులో మిగిలిండే నీళ్లు అప్పుడు పల్లానికి, మన ఇంటికి దిగుతాయి. కొంచెం సేపు ఏమీ రావు, ఇంక రావు అనిపిస్తుంది. తర్వాత వస్తాయి." షరీఫా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నగా అంది. "మీరు లేవొద్దండి. అట్లే కూచోండి. వస్తాయి."